చాటకు ఎడమ పక్క

మా పక్కింటి పెద్దమ్మ పోయిన సంగతి నాకు ఇంట్లోవాళ్లు చెప్పలేదు. బీడీ కార్ఖానా మున్షీ అడిగిన ప్రశ్న వల్ల తెలిసింది. పోయిన శుక్రవారం మధ్యాహ్నం బడి అయ్యాక కొంతం చౌక్ మీదుగా ఇంటికి నడుస్తుంటే ఆయన సైకిల్ దిగి నన్ను ఆపాడు.

"మాస్తర్, ఇయ్యాల మీ చాళ్ కెల్లి ఒక్క బీడీ గూడ రాలే. ఎవలు పోయిండ్రు?" అన్నాడు.

మా చాళ్‌లో అంటే మా గదుల వరసలో, ఎవరైనా చనిపోతే, శవం లేచే దాకా ఆడవాళ్లెవరూ ఒళ్లో చాట పెట్టుకోరు. బీడీల ఆకూ తంబాకూ పరచుకునే వెదురు చేటను ఇక్కడ చాట అంటారు. ఈ ఆచారం మా అందరికన్నా మున్షీకే బాగా తెలుసు, ఎందుకంటే తక్కువపడేది ఆయన సరుకే. పొద్దున నేను బడికి బయలుదేరేటప్పుడు మా వరసలో ఒళ్లు బాగా లేనిది పెద్దమ్మ ఒక్కతికే. జవాబు కోసం పెద్దగా ఆలోచించాల్సిన పని లేకపోయింది.

"పెద్దమ్మ అయ్యుంటది," అన్నాను.

ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఆమె బీడీకేసే ముడి మంచిగుండె," అన్నాడు. ఆ మాట విన్నాకే నాకు దుఃఖం వచ్చింది. ఏళ్ల కింద ఆమెను లారీ కొట్టిన చోటికి నాలుగడుగుల దూరంలో మేమిద్దరం నిలబడి ఉన్నాం. అది కూడా అప్పుడే గమనించాను.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. జోడ్‌భావి పేట్‌లో మా గదికీ ఆమె గదికీ నడుమ ఒకటే గోడ. నల్లగొండ వైపు నుంచి మగనితో కలిసి మగ్గం పనికి సోలాపూర్ వచ్చిందట. నేను బడిపంతులుగా ఆ చాళ్‌లో చేరేనాటికే ఆయన లేడు, పిల్లలు కలగలేదు. మగ్గం అమ్ముడుపోయింది గానీ నేసేవాడు కాళ్లు పెట్టుకునే గుంటను ఎవరు కొంటారు? అది గది మధ్యలో అట్లాగే ఉండిపోయింది. ఆమె దాన్ని పూడ్చనివ్వలేదు. నానబెట్టిన బీడీ ఆకును తడి గోనె చుట్టి ఆ గుంటలో పెడితే ఎండాకాలం కూడా చల్లగా, మెత్తగా ఉండేది. మొదట తన ఆకు పెట్టుకుంది, తర్వాత పక్కింటావిడది, చివరికి చాళ్‌లో అందరిదీ. పొద్దున్నే ఆడవాళ్లు ఆమె తలుపు తట్టి ఎవరి మూట వాళ్లు తీసుకుపోయేవాళ్లు. ఆ గది అందుకే ఒక్క మనిషి గదిలా ఎప్పుడూ ఉండేది కాదు.

ఆమెకు చదువు లేదు, దాని గురించి విచారమూ లేదు. నేను వరండాలో పేపరు చదువుతుంటే, "మాస్తరూ, మా పేట సంగతి ఏమన్న రాసిండ్రా అండ్ల?" అని రోజూ అడిగేది.

"లేదు పెద్దమ్మా."

"అయితే మనం మంచిగున్నట్టే," అని మళ్లీ చాట మీదికి వంగేది. లారీ దెబ్బ తగిలిన మర్నాడు కూడా పేపర్లో మా పేట సంగతి ఏమీ రాలేదు.

ఆ రోజు ఆమె, మా ఇంటామె కలిసి తయారైన బీడీలు కార్ఖానాకు ఇవ్వడానికి వెళ్తున్నారు. కొంతం చౌక్‌లో నూలు బేళ్ల లారీ ఒకటి ఆగి ఉంది. దాని వెనక నుంచి వీళ్లు దాటుతుండగా డ్రైవరు చూసుకోకుండా వెనక్కి తోలాడు. మా ఇంటామె ముందు నడుస్తోంది కాబట్టి తప్పించుకుంది. పెద్దమ్మ పడింది. కుడి చెయ్యి చక్రం కిందికి పోయింది. టాంగాలో ఎక్కించేటప్పుడు కూడా ఆమె చెయ్యి చూసుకోలేదని, రోడ్డు మీద చెల్లాచెదురైన కట్టలు ఏరమని చెబుతూనే ఉందని మా ఇంటామె అంటుంది. ఆసుపత్రిలో చూపుడు వేలు, నడిమి వేలు తీసేశారు. బొటనవేలు మిగిలింది గానీ వంగదు.

చుట్టడానికి కావలసినవి సరిగ్గా ఆ మూడు వేళ్లే. బీడీ పని తెలియని వాళ్లకు అది ఎంత నష్టమో చెప్పడం కష్టం. ఆకు మీద తంబాకు సమంగా పరిచి, ఒక్క దొర్లింపుతో బిగుతుగా చుట్టేది ఆ వేళ్లే. మూతి మడవడమూ, దారం కట్టడమూ ఆ తర్వాతి పనులు. ఇక చుట్టలేకపోతే గది కిరాయి రాదు. గది పోతే ఆమె నల్లగొండ వైపు పల్లెలో తమ్ముడింటికి పోవాలి. తమ్ముడు మంచివాడే. పెద్దమ్మ భయం తమ్ముడి గురించి కాదు. "వాళ్లింట్ల పొయ్యి కాడ నాకు జాగ ఉంటది మాస్తరూ. నా పొయ్యి ఉండది," అంది ఆసుపత్రి మంచం మీద.

కొన్నాళ్లకు లారీ సేటు మనిషి ఒకడు కాయితం పట్టుకుని వచ్చాడు. వేలిముద్ర వేస్తే కొంత సొమ్ము ఇస్తామన్నాడు. నన్ను చదవమంటే చదివాను. ఆమే చూసుకోకుండా అడ్డం వచ్చిందని, అయినా సేటు దయతో ఇస్తున్నాడని మరాఠీలో రాసి ఉంది. నేను తెలుగులో చెప్పేసరికి ఆమె కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఆ మనిషి వైపు చూసింది.

"దయ అయితే కాయితమెందుకు? కాయితమయితే దయ ఎందుకు?"

అతనికి తెలుగు రాదు. నేను మరాఠీలో చెప్పాను. చెప్పేటప్పుడు నాకు కాస్త సంతోషంగానే ఉండింది.

నుక్సాన్ భర్పాయీ కోసం దావా వేయాలని చాళ్ అంతా తీర్మానించింది. మా పేటలో పరిహారమనే మాట ఎవరికీ తెలియదు, నుక్సాన్ భర్పాయీ మాత్రం అందరికీ తెలుసు. నాకు తెలిసిన వకీలు ఒకాయన ఒప్పుకున్నాడు. కోర్టు స్టాంపుకు పైసలు లేవు కనుక బీదదావా వేద్దామన్నాడు. వాది నిజంగా బీదవాళ్లేనని కోర్టు నమ్మితే స్టాంపు ఫీజు అప్పటికి అడగరు. ఈ మాట పెద్దమ్మకు అస్సలు రుచించలేదు.

"నేను ఎవలింటి ముంగటన్న చెయ్యి చాపిన్నా? బీదదాన్నని ఎట్ల రాస్తరు?"

"అది స్టాంపు కోసం పెద్దమ్మా. వేరే ఏం లేదు."

"గట్లయితే స్టాంపు మందం బీద అని రాయుమను. మిగిలిందానికి కాదు."

విచారణకు వచ్చిన కోర్టు బేలీఫు గదిలో సామాను రాసుకున్నాడు. రెండు గిన్నెలు, ఒక ట్రంకు, ఒక చాట. గుంట దగ్గరకు వచ్చేసరికి దాన్ని ఆస్తి కింద రాయాలా వద్దా అని కాసేపు ఆలోచించి, రాయకుండా వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాక పెద్దమ్మ నవ్వింది. దెబ్బ తగిలాక నేను ఆమె నవ్వు వినడం అదే మొదలు.

కోర్టు అంటే వాయిదా అని మా వకీలు ముందే చెప్పాడు. అయినా పిలుస్తారేమోనని ప్రతిసారీ వెళ్లక తప్పదు. దెబ్బ తగలడం కళ్లారా చూసిన సాక్షి మా ఇంటామె ఒక్కతే. మొదటి వాయిదాకు వెళ్లి వచ్చేసరికి ఆమె నానబెట్టి కత్తిరించి పెట్టిన ఆకు కాస్తా ఎండి ముక్కలైంది. కార్ఖానా వాళ్లు ఇచ్చిన ఆకుకు లెక్క అడుగుతారు, కోర్టుకు పోయానంటే వినరు. రెండోసారీ అదే జరిగింది. మా ఇంటామె ఆ సంగతి పెద్దమ్మకు చెప్పలేదు. చెప్పకపోయినా ఆ చెత్త పారబోసింది వరండా పక్కనే కనుక పెద్దమ్మ చూసింది.

మూడోసారి మా ఇంటామె కత్తిరించిన ఆకును తడిగుడ్డలో కట్టి, చాటతో సహా కోర్టుకు తెచ్చుకుంది. నేను వద్దనలేదు. ఆమె కోర్టు వరండాలో ఒక మూల కూర్చుని పని మొదలుపెట్టింది. బోనెక్కి మాట్లాడాలన్న భయానికి ఆమె చూపు మాటిమాటికీ కోర్టు తలుపు మీదికి పోతోంది. చుట్టిన బీడీకి వెంటనే ముడి పడకపోతే ఆకు విచ్చుకుపోతుంది. ఆ పొద్దు సగం బీడీలు ఆమె దారం అందుకునేలోపే విచ్చుకుపోతున్నాయి.

మా వకీలు పెద్దమ్మకు ఒకటే మాట చెప్పి ఉన్నాడు. కోర్టు ఆవరణలో కుడి చేతిని మెడకు కట్టిన గుడ్డలో నుంచి బయటికి తీయొద్దని. ఆమె తల ఊపింది కూడా. నేను వకీలును పిలుచుకు రావడానికి వెళ్లి తిరిగి వచ్చేసరికి, చాటకు ఎడమ పక్క కూర్చుని ఉంది. మిగిలిన రెండు వేళ్ల నడుమ బీడీని ఇరికించి పట్టుకుని, దారం కొస పళ్లతో పట్టి, ఎడమ చేత్తో చుట్లు తిప్పి ముడి వేస్తోంది. మా ఇంటామె చుట్టి అందిస్తోంది, పెద్దమ్మ కడుతోంది. ఇద్దరూ తల ఎత్తడం లేదు. వాళ్లకు ఎదురుగా స్తంభం పక్కన సేటు వకీలు ఇంకొక మనిషిని వెంటబెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో తెలియదు.

మా వకీలు తల పట్టుకున్నాడు. "అడిగితే బీడీ చేతిలో పట్టుకుని కూర్చున్నానంతే అని చెప్పమను," అని నాతో అన్నాడు. నేను ఆమెకు చెప్పాను. ఆమె చేతిలో ఉన్న బీడీకి ముడి వేసి లేచింది.

బోనులో ఆమె తెలుగు మాటలను మరాఠీ చేసి చెప్పడానికి నన్నే ప్రమాణం చేయించి నిలబెట్టారు. లారీ ఎట్లా వెనక్కి వచ్చిందో ఆమె తడబడకుండా చెప్పింది. తర్వాత సేటు వకీలు లేచాడు. ఆయన గొంతు చాలా మర్యాదగా ఉంది.

"ఇందాక బయట వరండాలో మీరు బీడీలు చేశారా?"

నేను తెలుగులో అడిగాను. ఆమె నా మొహం వైపు చూడలేదు, జడ్జీ వైపు చూసింది.

"చేసిన," అంది.

"అంటే చెయ్యి పనిచేస్తోందన్న మాట."

"ముడేసిన. చుట్టలే. చుట్టనీకి ఈ చెయ్యి రాదు."

"మీ దావా నడిచే రోజే, కోర్టు గుమ్మంలోనే ఎందుకు చేశారు?"

"ఆ పిల్ల నా కోసం వచ్చింది సాయెబూ. దాని ఆకు ఎండిపోతాంది. నా నుక్సాన్ మీరియ్యాలె. దాని నుక్సాన్ నేనియ్యాలె."

దీన్ని ఒక్క మాట పోకుండా మరాఠీలో చెప్పాను. జడ్జీ కలం ఆపి ఆమె చేతి వైపు చూశాడు. మళ్లీ రాసుకున్నాడు. ఆ రోజు మా ఇంటామె సాక్ష్యం కూడా అయింది. సాయంత్రం ఆ బీడీలన్నీ కార్ఖానాకు చేరాయి.

తీర్పు రావడానికి చాలా కాలం పట్టింది. తప్పు డ్రైవరుదేనని తేలింది. ఆసుపత్రి ఖర్చు, పడిన బాధకు కొంత ఇమ్మన్నారు. బతుకుతెరువు పోయిందన్న దానికి మాత్రం చాలా తక్కువ కట్టారు. వాది తన పని ఎంతో కొంత చేసుకోగలుగుతోందని, ఆ మాట ఆమే ఒప్పుకుందని తీర్పులో ఉంది. నేను చదివి వినిపించాను. లోపల నాకు కోపంగా ఉంది. ఆ జడ్జీ మీదో, సేటు వకీలు మీదో, లేదని చెప్పని ఈ ముసలామె మీదో తేల్చుకోలేకపోయాను.

"తప్పు లారోనిదే అని రాసిండ్రా?" అంది.

"రాసిండ్రు."

"ఆ మాట సేటుకు సదివి చెప్పిండ్రా?"

"చెప్పే ఉంటరు."

"మంచిది," అంది. ఎక్కువ కాలం కిరాయికి సరిపోదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. వచ్చిన సొమ్ము ఆసుపత్రి బాకీకి, అప్పటిదాకా పేరుకున్న కిరాయి బాకీకి, వకీలు ఫీజుకు పోగా కొద్ది నెలల కిరాయికి మిగిలింది.

ఆ నెలలు కాగానే తమ్ముడు వచ్చాడు. మెత్తటి మనిషి. ట్రంకు తనే సర్ది తాడు కట్టాడు. మర్నాడు పొద్దున రైలు. చాళ్‌లో ఆడవాళ్లు వచ్చి గుంటలో నుంచి ఎవరి ఆకు వాళ్లు తీసుకుపోయారు. మా ఇంటామె మాత్రం తన మూట తీయలేదు.

తెల్లవారి మిల్లు మొదటి భోంగా, అదే సైరన్, మోగేసరికి ఆమె చాట ఎత్తుకుని పెద్దమ్మ గదిలోకి వెళ్లింది. గుంట పక్కన కూర్చుంది. ఆకు తీసి కత్తిరించింది, ఒక బీడీ చుట్టింది, దారం కట్టకుండా ఎడమ చేతి వైపుకు చాపింది. తమ్ముడు ట్రంకు ఎత్తబోతూ ఆగిపోయాడు.

"పెద్దమ్మా, విచ్చుకపోతాంది. జల్ది పట్టు," అంది మా ఇంటామె.

పెద్దమ్మ కదలలేదు. "నువ్వు చుట్టి నువ్వే కట్టుకుంటవ్. నాతోని నీకేం పని?" అంది.

"ఆ దినం కోర్టుల నాతోని నీకేం పనుండెనని ముడేసినవ్?"

పెద్దమ్మ వచ్చి కూర్చుంది. దారం కొస పళ్లతో పట్టుకుంది. కాసేపటికి తమ్ముడు ట్రంకుకు కట్టిన తాడు విప్పాడు. ఆయన ఆ రోజు రైలుకు ఒంటరిగా వెళ్లాడు. స్టేషన్ దాకా నేను తోడు వెళ్లాను. దారిలో ఆయన, "మా అక్క మా ఇంటికి వస్తదని మా ఆడోళ్లు గదికి సున్నం గూడ కొట్టిండ్రు సారూ," అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. నాకు ఆయన మీద జాలి కలిగింది.

అప్పటి నుంచి ఇద్దరిదీ ఒకటే చాట. చుట్టడం మా ఇంటామెది, ముడి పెద్దమ్మది. దారం కోసం చెయ్యి ఆపే పని లేక మా ఇంటామె చుట్టడంలో వేగం పెరిగింది. వాళ్ల పంపకాల లెక్క నన్ను ఎప్పుడూ అడగనివ్వలేదు. ఎవరైనా పెద్దమ్మ చేతిని చూసి అయ్యో అంటే, "చెయ్యి పోయింది గని చాట పోలే," అనేది. కిరాయి ఇచ్చే రోజున మాత్రం తనే ఇంటి ఓనరు దగ్గరకు నడిచి వెళ్లేది. ఇంకెవరి చేతా పంపేది కాదు.

ఆమె బీడీ ముడికి కార్ఖానాలో పేరు వచ్చిందని నాకు తెలియదు. ఆ సంగతి మున్షీ నోట పోయిన శుక్రవారమే విన్నాను. ఎడమ చేత్తో వేసే ముడి మిగతా వాళ్ల ముడికి ఎదురు తిరిగి ఉంటుందట. రాశిలో పోసినా అవి ఎవరివో ఆయన చూసి చెప్పగలిగేవాడట.

గురువారం సాయంత్రం ఆమెకు ఒళ్లు వెచ్చబడింది. శుక్రవారం పొద్దున నేను బడికి పోతూ తలుపు దగ్గర నిలబడి పలకరించాను. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "పేపర్ల మన పేట సంగతి ఉన్నదా మాస్తరూ?" అంది. లేదన్నాను. తల ఊపింది. మా ఇంటామె గంజి కాచుకుని వెళ్లేసరికి అట్లాగే గోడకు ఆనుకుని ఉందట, ప్రాణం మాత్రం లేదు.

తమ్ముడు వచ్చి చేయవలసినవన్నీ చేశాడు. ట్రంకు తీసుకుపొమ్మంటే వద్దని, ఆమె చీర ఒకటి మాత్రం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఇంటి ఓనరు గది తాళం అడిగాడు, ఈ నెల గడవనివ్వమని చాళ్ అంతా వెళ్లి చెప్పింది. గుంటలో ఆడవాళ్ల ఆకు ఇంకా ఉంది.

నిన్న మా ఇంటామె మళ్లీ చాట పట్టింది. మా గుమ్మంలోనే కూర్చుంది. నేను బడి నుంచి వచ్చేసరికి వంచిన తల ఎత్తకుండా చకచకా చుట్టుకుపోతోంది, ఎప్పటి వేగంతోనే. చుట్టిన ప్రతి బీడీనీ చూడకుండా ఎడమ పక్కకు చాపి వదులుతోంది. అక్కడ పరిచిన గుడ్డ మీద బీడీలు కుప్పపడి ఉన్నాయి. ఒక్కదానికీ ముడి లేదు. ఎండ తగిలి ఆకు ఆరుతూ, అడుగున ఉన్నవి అప్పటికే విచ్చుకున్నాయి. పైవి ఒక్కొక్కటిగా విచ్చుకుంటున్నాయి. తంబాకు గుడ్డ మీదికి రాలుతోంది. ఆమె ఇంకొకటి చుట్టి ఎడమ వైపుకు చాపింది.